లివర్ బాగానే ఉందంటున్నారు, మరి మా పాపకు ఈ పోర్టల్ ప్రెషర్ ఎలా వచ్చింది?

నర్సీపట్నం_మావయ్య:

అందరికీ నమస్కారం. మా చెల్లెలి కూతురి గురించి అడుగుతున్నాను. పాపకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. సంక్రాంతి అయ్యాక జ్వరం వచ్చింది. మెడికల్ షాపులో జ్వరానికీ ఒళ్లు నొప్పులకూ కలిపి ఏదో సిరప్ ఇస్తే పట్టారు. మర్నాటి రాత్రి రక్తం కక్కుకుంది. ఏదో కాస్త కాదు, చెంబెడు. తెల్లారేసరికి విరేచనం నల్లగా అయింది. 108లో ఏరియా ఆసుపత్రికి, అక్కడి నుంచి వైజాగ్. రక్తం ఎక్కించి, ఎండోస్కోపీ చేసి, అన్నవాహిక కింది భాగంలో నరాలు ఉబ్బి ఒకటి పగిలిందని చెప్పి రబ్బరు బ్యాండ్లు వేశారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, ఆడుకుంటోంది కూడా. మూడు వారాల తర్వాత మళ్లీ బ్యాండ్లు వేస్తారట.

రిపోర్టులో ఉన్నది రాస్తున్నాను. హిమోగ్లోబిన్ 6.2, ప్లేట్‌లెట్లు 68 వేలు. బిలిరుబిన్ 0.8, ఎస్‌జీపీటీ 31, అల్బుమిన్ 4.1. డాప్లర్ స్కానింగ్‌లో లివర్ సైజు నార్మల్, మెయిన్ పోర్టల్ వెయిన్ కనిపించడం లేదు, ఆ చోట కావర్నోమా ఉంది, ప్లీహం 14.5 సెంటీమీటర్లు అని రాశారు. చివర్లో ‘ఈహెచ్‌పీవీఓ, పోర్టల్ హైపర్‌టెన్షన్’ అని ఉంది.

నాకు అంతుబట్టనిది ఏంటంటే, లివర్ పరీక్షలన్నీ బాగున్నాయని డాక్టర్లే అంటున్నారు. మరి లివర్‌కి వెళ్లే రక్తనాళంలో ప్రెషర్ ఎందుకు పెరుగుతుంది? చేతికి బీపీ చూస్తే 96/60 ఉంది, అయినా ప్రొప్రానలాల్ రాశారు. నెట్‌లో చూస్తే అది బీపీ తగ్గించే మాత్ర. మా ఇంట్లో తాగుడు అలవాటు ఎవరికీ లేదు, ఎనిమిదేళ్ల పిల్లకు ఎక్కడిది? పాప పొట్ట ముందు నుంచీ కాస్త ఎత్తుగానే ఉండేది. పురుగులేమో అనుకుని ప్రతి ఏడూ మాత్ర మింగించాం. చెల్లెలి అత్తగారైతే ఇవి లోపలి కామెర్లేనని, పసరు మందు పోయిస్తానని పట్టుబట్టారు. ఆస్పత్రిలో అడుగుదామంటే డాక్టర్ గారి వెనక ఎప్పుడూ యాభై మంది ఉంటారు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

గోదారి_గట్టు:

బ్రదర్, లివర్ ప్రాబ్లం అంటే ముందు నూనె, గుడ్డు, పప్పు మానిపించేయండి. పొద్దున్నే పరగడుపున నేల ఉసిరి రసం పట్టండి, మా బంధువుల్లో ఒకాయనకు బాగా పనిచేసింది. 96/60 ఉన్న పిల్లకు బీపీ మాత్ర ఏంటండీ, ఆపించేయండి ముందు.

స్కానింగ్_గది:

పైన గోదారి గట్టు గారు చెప్పినదాంట్లో ఒక్కటి కూడా పాటించకండి. మాత్ర ఆపమన్నది అసలు పాటించకండి. రక్తం పోయి హిమోగ్లోబిన్ 6 దగ్గర ఉన్న పిల్లకు గుడ్డూ పప్పూ మానిపిస్తే ఆ రక్తం ఎలా పడుతుంది?

నేను రేడియాలజిస్టుని, రాజమండ్రిలో. చీకటి గదిలో కూర్చుని పొట్టల మీద జెల్ పూసి రక్తనాళాలు చూడటమే నా ఉద్యోగం. మీ పాపకు వైద్యం చెప్పను, అది వైజాగ్ డాక్టర్ల పని. ప్రెషర్ ఎలా వచ్చిందో మాత్రం చెప్తాను.

పేగుల నుంచి వచ్చే సిర, ప్లీహం నుంచి వచ్చే సిర, రెండూ క్లోమం వెనకాల కలుస్తాయి. పోర్టల్ వెయిన్ అక్కడ మొదలవుతుంది. పెద్దవాళ్లలో దాదాపు 8 సెంటీమీటర్ల పొడవు, అంతే. నిమిషానికి లీటరు పైచిలుకు రక్తం దీంట్లోంచి పోతుంది. లివర్‌కి చేరే రక్తంలో నాలుగింట మూడు వంతులు ఇదే తెస్తుంది, మిగతాది ధమని తెస్తుంది. దీనికో విచిత్రం ఉంది. మామూలు సిర అయితే రక్తాన్ని సేకరించి గుండెకి అప్పజెబుతుంది. ఇది పేగుల్లోని కేశనాళికల్లో సేకరించిన రక్తాన్ని మళ్లీ లివర్ లోపలి సన్నని దారుల్లోకి పంచుతుంది. అంటే రెండు కేశనాళికల వలల మధ్యలో ఉంటుంది. గుండె కొట్టిన ఒత్తిడి చాలావరకు పేగుల్లోనే ఖర్చయిపోతుంది కాబట్టి, చేతికి 120 చూపించే మనిషికి కూడా పోర్టల్‌లో 5 నుంచి 10 మిల్లీమీటర్లే ఉంటుంది. అంత తక్కువ ఒత్తిడితో నడిచే ప్రవాహానికి ముందు ఏ చిన్న అడ్డం వచ్చినా ఇబ్బందే. పైగా ఈ సిరలో వెనక్కి పోకుండా ఆపే కవాటాలు లేవు. ముందు అడ్డం పడితే ఒత్తిడి నేరుగా వెనక ఉన్న ప్లీహం మీద, పొట్ట నరాల మీద పడుతుంది.

ఇక చేతికి తీసే బీపీ ధమనులది. దానికీ దీనికీ పోలిక పెట్టకండి. చేతికి 96/60 ఉన్న మనిషికి పోర్టల్‌లో 25 ఉండొచ్చు, ఉంటుంది కూడా.

ఇప్పుడు మీ ప్రశ్న. అడ్డం పడగలిగిన చోట్లు మూడు. లివర్ దాటాక పడొచ్చు, అంటే లివర్ నుంచి రక్తం బయటికి తెచ్చే సిరలు మూసుకున్నా, గుండె కుడివైపు బలహీనపడినా. లివర్ లోపలే పడొచ్చు. లివర్ మచ్చలు పడి గట్టిపడే సిరోసిస్ ఇందులోదే. మన దగ్గర పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించేది కూడా ఇదే కాబట్టి పోర్టల్ హైపర్‌టెన్షన్ అనగానే ‘తాగేవాడా?’ అని అడుగుతారు. మూడోది, రక్తం లివర్ గుమ్మం దాకా రాకముందే పడొచ్చు. మీ పాపది ఈ మూడోది, రిపోర్టులో ఈహెచ్‌పీవీఓ అని రాసింది దీన్నే. పోర్టల్ వెయిన్‌లోనే ఎప్పుడో గడ్డకట్టి, ఆ గడ్డ కరక్కుండా సిర ముడుచుకుపోయింది. లివర్ ఏ తప్పూ చేయలేదు. పోర్టల్ నుంచి రావాల్సిన రక్తం తగ్గితే ధమని కొంత సర్దుతుంది, అందుకే మీరు రాసిన అల్బుమిన్, బిలిరుబిన్ అంత చక్కగా ఉన్నాయి. మన దేశంలో పిల్లలు రక్తం కక్కుకుంటే మేం ముందుగా అనుమానించే జబ్బుల్లో ఇదొకటి.

మెడ సిరలోంచి లివర్ సిరలోకి సన్నటి గొట్టం దించి ఒత్తిడి కొలిచే పరీక్ష ఒకటుంది. సిరోసిస్‌కి అది గీటురాయి. మీ పాపకు చేస్తే నార్మల్ వస్తుంది, ఎందుకంటే అడ్డం ఆ గొట్టానికి అందని చోట, లివర్‌కి అవతలి పక్క ఉంది.

రిపోర్టులో కావర్నోమా అంటే, మూసుకున్న పెద్ద సిర చుట్టూ కొన్ని వారాల్లోనే శరీరం వేసుకున్న బోలెడు చిన్న చిన్న నాళాల గుంపు. కలర్ డాప్లర్ పెడితే అక్కడ ఒక్క గొట్టం ఉండాల్సింది పోయి ఎరుపూ నీలమూ కలగలిసి వంకరటింకరగా కనిపిస్తాయి. ఒకసారి చూస్తే మర్చిపోలేం.

రెండు విషయాలు చెప్పండి. పుట్టినప్పుడు పాపని బాక్సులో పెట్టారా? బొడ్డు చీము పట్టిందా? ఇంకోటి, ఆ సిరప్ సీసా ఇంకా ఉంటే దాని మీద ఏం రాసుందో చదవండి.

నర్సీపట్నం_మావయ్య:

మేడం, చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

పాప నెలలు నిండకుండా పుట్టింది. బాక్సులో పెట్టారు, బొడ్డులోంచే గొట్టం వేసి సెలైన్ ఎక్కించారని చెల్లెలు చెప్పింది. సీసా వెతికి చూశాను. ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ అని రెండు పేర్లు ఉన్నాయి.

ఇంకో డౌటు. శరీరమే పక్క దార్లు వేసుకుందన్నారు కదా. అన్ని దార్లు పడ్డాక ప్రెషర్ తగ్గాలి కదా మేడం? ఎందుకు తగ్గలేదు?

స్కానింగ్_గది:

మీ డౌటు మెడికల్ కాలేజీలో వైవాలో అడిగే ప్రశ్న తమ్ముడూ. నన్ను కూడా అడిగారు.

ముందు బొడ్డు సంగతి. కడుపులో ఉండగా తల్లి నుంచి రక్తం తెచ్చే బొడ్డు సిర నేరుగా పోర్టల్ ఎడమ కొమ్మలోకి వెళ్లి కలుస్తుంది. పుట్టిన కొత్తల్లో బొడ్డు చీము పట్టినా, అక్కడ గొట్టం పెట్టాల్సి వచ్చినా, కొంతమందిలో గడ్డ ఆ దారిన పోర్టల్ దాకా పాకుతుంది. అలాగని మీ పాపకు అందుకే వచ్చిందని తేల్చి చెప్పలేం. సగానికి పైగా పిల్లల్లో ఏ కారణమూ దొరకదు. నెల తక్కువ బిడ్డకు ఆ గొట్టం ప్రాణం నిలిపే పని చేస్తుంది, కాబట్టి అప్పటి డాక్టర్లనో మీ చెల్లెల్నో తప్పుపట్టే మాట ఇంట్లో రానివ్వకండి. బొడ్డు మీద ఆముదం, బూడిద, పసుపు పెట్టే అలవాటు ఉన్న ఇళ్లు మాత్రం ఇది చదివి మానేస్తే మంచిది.

ఇక ప్రెషర్. ఒత్తిడి అంటే ఎంత రక్తం వస్తోంది, ఎంత అడ్డం ఉంది, ఈ రెండిటి గుణకారం. మనం అడ్డం గురించే మాట్లాడుకున్నాం. పక్క దార్లు పడ్డాక అడ్డం కొంత తగ్గిన మాట నిజమే, కానీ అవి సన్నవి, పొడుగువి, మెలికలు తిరిగినవి. 8 మిల్లీమీటర్ల గొట్టం చేసే పని పది వెంట్రుక గొట్టాలు చేయలేవు. రెండోది వచ్చే రక్తం. పోర్టల్‌లో ఒత్తిడి పెరిగిన కొన్నాళ్లకు పేగుల ధమనులు వెడల్పవడం మొదలెడతాయి. నైట్రిక్ ఆక్సైడ్ లాంటివి అక్కడ ఎక్కువ తయారవుతాయి. దాంతో పేగుల్లోకి రక్తం ఎక్కువ, అక్కడి నుంచి పోర్టల్ వైపు ఇంకా ఎక్కువ. ప్లీహం కూడా ఊరుకోదు. రక్తం నిలిచి ఉబ్బి, పెరిగి, పెరిగిన కొద్దీ ఎక్కువ రక్తాన్ని అదే సిరలోకి తోస్తుంది. దార్లు పెరిగితే రాకపోకలూ పెరిగాయి. ఒత్తిడి అందుకే దిగదు. పాప పొట్ట ఎత్తుగా కనిపించిందన్నారే, పురుగులు కావు, ఆ ప్లీహమే. ప్లేట్‌లెట్లు 68 వేలకు పడిపోవడానికి కారణం కూడా అదే, అవి దాంట్లో ఇరుక్కుపోతాయి. ఎముక మజ్జ జబ్బేమోనని భయపడకండి.

దారి వెతుక్కునే రక్తం ఎక్కడెక్కడికో పోతుంది. అన్నవాహిక కింది భాగంలోనే ఎందుకు ప్రమాదం అంటే, జీర్ణాశయం నుంచి పైకి పోయే సిర అక్కడ గుండె వైపు పోయే సిరలతో కలుస్తుంది, పైగా చివరి రెండు మూడు సెంటీమీటర్లలో ఈ నరాలు పొరకి మరీ దగ్గరగా, ఆసరా లేకుండా ఉంటాయి. ముసలివాళ్ల పిక్కల మీద మెలికలు తిరిగిన నరాలు చూసుంటారు, లోపల అలాగే ఉంటాయి. నరం ఎంత ఉబ్బితే గోడ అంత పల్చనై, అంత సులువుగా పగులుతుంది. బ్యాండ్ వేస్తే ఆ నరం ఎండి రాలిపోతుంది. లోపలి ఒత్తిడి మాత్రం అలాగే ఉంటుంది, అందుకే మళ్లీ మళ్లీ రమ్మంటారు. పూర్తిగా పోయాక కూడా ఏడాదికోసారైనా చూడాలి, మానేయకండి.

ప్రొప్రానలాల్ చేసేది ఇదే: గుండె వేగం తగ్గించి అది నిమిషానికి తోసే రక్తాన్ని కాస్త తగ్గిస్తుంది, పేగుల్లో వెడల్పైన ధమనుల్ని కాస్త బిగిస్తుంది. రెండిటి వల్లా పోర్టల్‌లోకి వచ్చే రక్తం తగ్గుతుంది. నాడి చూసుకుంటూ డోసు పెంచుతారు. పాపకు ఉబ్బసం ఉంటే మాత్రం డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి.

ఆ సిరప్ గురించి. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఈ జాతి మందులేవీ ఈ పిల్లకు వద్దు. జీర్ణాశయం పొరని గాయం చేస్తాయి, ప్లేట్‌లెట్ల పని చెడగొడతాయి. జ్వరమే గుండె వేగాన్ని పెంచి ఒత్తిడి పెంచుతుంది. ఆ రెండూ ఒకేసారి పడ్డాయి పాపకు. మీ దగ్గర షాపువాడు కావాలని ఇచ్చింది కాదు, పిల్లలకు జ్వరమంటే అందరూ ఇచ్చేదే. ఇకనుంచి పారాసెటమాల్ ఒక్కటే, బరువుకి తగిన డోసు. ఈ జబ్బు పేరూ, ఇవ్వకూడని మందుల పేర్లూ ఒక అట్టముక్క మీద రాసి స్కూలు బ్యాగులో పెట్టండి.

లంక_మాస్టారు:

నాకు ఇదే జబ్బు. ఇప్పుడు ఏలూరు దగ్గర స్కూల్లో లెక్కలు చెప్తాను, ఇద్దరు పిల్లలు. నాకు మొదటిసారి రక్తం వాంతి అయినప్పుడు ఒకటో తరగతి. అప్పట్లో మా నాయన ఎవరేం చెప్పినా చేశాడు: చేతికి వాతలు, మూడు రకాల పసర్లు, గుళ్లో నిద్ర. తర్వాత ఎవరో దయగల డాక్టరు హైదరాబాద్ పంపాడు.

పద్నాలుగో ఏట ఆపరేషన్ అయింది. ప్లీహం తీసేసి, దాని సిరని ఎడమ కిడ్నీ సిరకు కుట్టారు. ఆపరేషన్‌కి ముందు న్యుమోనియాకి, మెదడు పొరల వాపుకి (మెనింజైటిస్) టీకాలు వేశారు. ప్లీహం లేని మనిషికి అవి తప్పనిసరి అన్నారు, జ్వరం వస్తే ఈనాటికీ అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్తాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా రక్తం పడలేదు. ఆపరేషన్ అయ్యాక ఏడాదిలో నా లాగూలన్నీ పొట్టివైపోయాయి, అంత పొడుగు పెరిగాను. అంతకుముందు క్లాసులో ముందు వరసలో నిలబెట్టేవాళ్లు.

మావయ్య గారూ, మీ ఇంటి నుంచి ఎండోస్కోపీ చేసే ఆస్పత్రికి ఎంత సేపు పడుతుందో ఇప్పుడే లెక్క చూసుకోండి. పాప బ్లడ్ గ్రూపు ఫోన్‌లో రాసుకోండి. మళ్లీ వాంతి అయితే ఊళ్లో ఆగొద్దు, ఏమీ తినిపించొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 ఎక్కించండి. ఆపరేషన్ మాట వస్తే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని కలవండి, ఏ పథకంలో ఏది వస్తుందో ఆయనే చెప్తారు.

నర్సీపట్నం_మావయ్య:

మాస్టారు గారూ, మీ మెసేజ్ మా చెల్లెలికి చదివి వినిపించాను. ఇద్దరు పిల్లలు అన్నచోట మళ్లీ చదవమంది. మేడం, ఆపరేషన్ మాకు ఇంకా ఎవరూ చెప్పలేదు. అడగాలా?

స్కానింగ్_గది:

అడగండి. ఇలా అడగండి: ‘లివర్ లోపల ఎడమ పోర్టల్ కొమ్మ తెరిచి ఉందా?’ అని.

ఎందుకో చెప్తాను, కొంచెం పాత కథ. 1877లో రష్యాలో ఎక్ అనే సర్జన్ కుక్కకి పోర్టల్ వెయిన్‌ని లివర్‌కి పోనివ్వకుండా నేరుగా పెద్ద సిరకి కలిపాడు. తర్వాత పావ్లోవ్ (గంట మోగిస్తే కుక్కకు లాలాజలం ఊరించిన ఆయనే) అలాంటి కుక్కల్ని గమనిస్తే, మాంసం తిన్నాక వాటికి తిక్క పుట్టేది, తూలేవి, మగతలోకి పోయేవి. పేగుల్లో పుట్టిన అమ్మోనియా లాంటివి లివర్‌లో శుభ్రపడకుండా మెదడుకి పోవడమే కారణం. పక్కదారి ఆపరేషన్లన్నిటికీ ఈ చిక్కు అంతో ఇంతో ఉంటుంది. మాస్టారి లాంటి కేసుల్లో లివర్ ఆరోగ్యంగా ఉంటుంది కాబట్టి ఎక్కువమంది ఏ ఇబ్బందీ లేకుండా గడిపేస్తారు.

ఇంకో రకం ఉంది, రెక్స్ షంట్ అంటారు. మెడలోంచి ఒక సిర ముక్క తీసి, పేగుల సిర నుంచి లివర్ లోపలి ఎడమ పోర్టల్ కొమ్మకు వంతెన కడతారు. రక్తం పక్కకు పోదు, మూసుకున్న చోటుని దాటి మళ్లీ లివర్‌లోకే పోతుంది. పిల్లలకు వీలైతే ఇదే నయమని నా అభిప్రాయం. కానీ ఆ ఎడమ కొమ్మ తెరిచి ఉంటేనే కుదురుతుంది, చాలామందిలో ఉండదు. డాప్లర్‌లో తేలకపోతే సీటీనో ఎమ్మార్‌ఐనో చేసి చూస్తారు. అన్ని చోట్లా చేసే ఆపరేషన్ కూడా కాదు.

తుని_బాబీ:

మధ్యలో వస్తున్నందుకు సారీ. మా నాన్నకు కూడా పోర్టల్ హైపర్‌టెన్షన్ అనే రాశారు. షుగర్, ఫ్యాటీ లివర్, ఇప్పుడు పొట్టలో నీరు. మందు ముట్టని మనిషి. ఈ పాపదీ ఆయనదీ ఒకటేనా?

స్కానింగ్_గది:

పేరు ఒకటే. మీ నాన్నగారిది లివర్ లోపలి అడ్డం. కొవ్వు వల్ల ఏళ్ల తరబడి వాపు ఉంటే లివర్‌లో నక్షత్రాకారపు కణాలు మేల్కొని మచ్చ కణజాలం పోస్తాయి. సన్నని దార్లు నొక్కుకుపోతాయి, ఆ కణాలు కండరంలా బిగుసుకుని వాటిని ఇంకా ఇరుకు చేస్తాయి. ఆయనకు ఇందాక చెప్పిన మెడ గొట్టం పరీక్ష పనికొస్తుంది: మామూలుగా 5 లోపు, 10 దాటితే నీరు చేరడం, నరాలు ఉబ్బడం లాంటివి మొదలవుతాయి, 12 దాటితే పగిలే భయం. లివర్ లోపలి దార్లలోనే ఒత్తిడి ఎక్కువ కాబట్టి నీరు ఊరుతుంది. పాపకు ఆ దార్లు మామూలుగా ఉన్నాయి, అందుకే నీరు లేదు. ఆయనకు ఉప్పు తగ్గించడం వైద్యంలో భాగం, పాపకు ఉప్పుతో పనిలేదు. మిగతాది వేరే పోస్టు పెట్టి అడగండి, రిపోర్టులో పేరూ ఫోన్ నంబరూ కొట్టేసి పెట్టండి.

నర్సీపట్నం_మావయ్య:

మేడం, ఆఖరిగా రెండు. పసరు విషయం అత్తగారికి ఏం చెప్పమంటారు? ఇంకా, పాప ఖోఖో బాగా ఆడుతుంది, స్కూలువాళ్లు ఆటలు మానిపించాలా అని అడుగుతున్నారు.

స్కానింగ్_గది:

బిలిరుబిన్ 0.8 అని రిపోర్టులోనే ఉందని, కామెర్లు లేవని చెప్పండి. లేని జబ్బుకు మందు పోసి, ఉన్న మంచి లివర్‌ని పాడుచేసుకోవద్దని చెప్పండి. వినకపోతే ‘మందు పోస్తే మళ్లీ రక్తం కక్కుతుందని డాక్టరమ్మ అంది’ అని నా మీద తోసేయండి. ఎప్పుడైనా నిజంగా కళ్లు పచ్చబడినా, దురద పెట్టినా తీసుకెళ్లండి. ఆ కావర్నోమా పక్కనే ఉన్న పైత్య నాళాన్ని నొక్కే అవకాశం పెద్దయ్యాక ఉంటుంది. అందుకే ఏడాదికోసారి లివర్ పరీక్ష చేయిస్తారు.

ఆటలు పూర్తిగా మానిపించొద్దు. పరుగులు, స్కిప్పింగ్, షటిల్ ఆడనివ్వండి. ప్లీహం పక్కటెముకల కిందికి దిగి ఉంది, దెబ్బ తగిలితే చిట్లుతుంది. కాబట్టి కబడ్డీ వద్దు, సైకిల్ హ్యాండిల్ పొట్టకు గుచ్చుకోకుండా చూడండి. ఖోఖోలో వీపు మీద తట్టి లేపుతారు కాబట్టి పర్వాలేదనిపిస్తుంది కానీ పోల్ దగ్గర గుద్దుకుంటారు. దాని గురించి మూడు వారాల తర్వాత వైజాగ్ వెళ్లినప్పుడు ప్లీహం తడిమి చూసిన డాక్టర్‌నే అడగండి.

నర్సీపట్నం_మావయ్య:

అలాగే మేడం. అట్టముక్క మీద ఏ మందుల పేర్లు రాయాలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ టైప్ చేసి పెడతారా? టీచర్ గారు ఇంగ్లీషులో అడిగారు.